ఎవరి మోటారు గట్టిది

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం కంటే ముందు వడ్డించేది వాదన. మా బాపు, మా చిన్నాయన ఎదురెదురుగా పీటల మీద కూర్చోవడం ఆలస్యం, ఇంజన్ల గోల మొదలయ్యేది. కంచంలో ఏముందో ఇద్దరూ చూసుకునేవాళ్ళు కారు. ఒకరోజు మా అమ్మ పప్పులో ఉప్పు మరిచిపోతే ఆ సంగతి ఇద్దరికీ తెలియనే లేదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ గొప్పదా, ఎనిమిది సిలిండర్లది గొప్పదా అన్నది తేలేదాకా లోకం ముందుకు నడవదన్నట్టు మాట్లాడుకునేవాళ్ళు. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

చార్మినార్ వెనక గల్లీలో మా ఇల్లు. బజారుకు సామాను చేరవేయడం మా వాళ్ళ పని. ఇంటి ముందు రెండు మోటార్లు ఉండేవి. రెండూ ఒకప్పుడు కార్లే. వెనక సీట్లు కోయించి, చెక్కలతో తొట్టి బిగించి, సామాను బండ్లుగా మార్చుకున్నారు. అప్పట్లో కొత్త లారీ కొనే స్తోమత ఎవరికుంది, పాతబస్తీలో సగం సామాను ఇలాంటి బండ్ల మీదే తిరిగేది.

బాపు మోటారుకు నాలుగు సిలిండర్లు. పొద్దున్నే హ్యాండిల్ తిప్పితే గల్లీ అంతా నిద్ర లేచేది. దానికి పరుగూ లేదు, సొగసూ లేదు. మొదటి గేరులో వేస్తే పక్కన నడిచే మనిషి దానికంటే ముందు పోతాడు. కానీ తొట్టి నిండా షాబాదు బండలు పేర్చినా గొణుక్కుంటూ లాక్కుపోయేది. చిన్నాయనది ఒక నవాబు దేవిడీలో బేగంలను తిప్పి తిప్పి ముసలిదైన బండి. ఎనిమిది సిలిండర్లు. చప్పుడు చేయకుండా లేచేది, మట్టమైన రోడ్డు మీద దాన్ని అందుకోవడం ఎవరి తరమూ కాదు. బరువుతో మెల్లగా నడవమంటే మాత్రం దానికి మహా నామోషీ. క్లచ్చు మాడిన వాసన కొట్టేది. ఇక పెట్రోలు తాగడంలో దానికి దేవిడీ అలవాట్లు పోనే లేదు.

చిన్నాయన తన ఇంజన్ నడుస్తుండగా దాని మీద రూపాయి బిళ్ళ నిలబెట్టేవాడు. బిళ్ళ కదలకుండా నిలబడితే ఆ మహానుభావుడి ముఖం వెలిగిపోయేది. బాపు అది చూసి, బిళ్ళలు మోయడానికి మోటారెందుకు, జేబు చాలదా అనేవాడు. ఆ మాట పట్టుకుని ఇద్దరూ సందె చీకట్ల దాకా లాగేవాళ్ళు. మా నాయనమ్మ వాళ్ళిద్దరినీ కన్నతల్లి, ఆమెకే విసుగొచ్చి, "మీ మోటార్ల మీద మన్నువొయ్య, జర అన్నం తినుండ్రిరా" అని కసిరేది. వింటే కదా.

ఇది ఇంటి గోలగా ఉన్నంతకాలం సరే. దాన్ని తీసుకుపోయి పక్కింటి ఖాలా నెత్తిన పెట్టారు, నా కడుపు మంట అంతా అక్కడ.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, వరస కలిపి అలా పిలిచేదాన్ని. ఆమెది మా గోడ పక్క గోడ. వాళ్ళాయన గల్లీ చివర గిర్ని నడిపేవాడు. జొన్నలు, గోధుమలు పిండి పట్టే గిర్ని. ఆయన జ్వరంతో పోయాక, నలుగురూ నాలుగు మాటలన్నా లెక్కచేయకుండా, చీర కొంగు నడుముకు బిగించి ఖాలాయే దాన్ని నడిపింది. ఇద్దరు చిన్న పిల్లలతో ఆమెకున్న ఆధారమల్లా ఆ గిర్నే. మా జొన్నల గంప నెత్తిన పెట్టుకుని నేనే వెళ్ళేదాన్ని. పిండి దుమ్ములో ఆమె కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. అంత చప్పుడులోనూ నా మాట ఆమెకు వినపడేది, ఎందుకంటే నా గొంతు అలాంటిది. మా అమ్మ దాన్ని ఆడపిల్లకు ఉండకూడని గొంతు అనేది.

ఆ వానాకాలంలో గిర్ని ఉన్న రేకుల కొట్టును సొంతదారు ఖాళీ చేయమన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. ఖాలా తిరిగి తిరిగి ఫలక్‌నుమా ఎత్తు మీద ఒక కొట్టు చూసుకుంది. చుట్టూ బోలెడు ఇళ్ళు, దగ్గర్లో గిర్ని లేదు. మంచి చోటే. కాకపోతే ఆ కొట్టు పెద్దమనిషి ఒక షరతు పెట్టాడు. శుక్రవారం జుమ్మా నమాజుకు ఆయన బయలుదేరే వేళకు మిషను కొట్టు ముందు కనిపించాలి, లేదంటే ఎండుమిర్చి వ్యాపారి ఒకాయన కాచుకుని ఉన్నాడు, తాళం ఆయన చేతికి పోతుంది. ఇక్కడ ఖాళీ చేయాలి, అక్కడ దొరకదు. అప్పుడు గిర్నిని పాత ఇనుము కింద అమ్ముకోవడం తప్ప ఆమెకు దారి లేదు.

ఖాలా తెలివైన మనిషి. వారం ముందే రెండు జతల ఎడ్లు మాట్లాడుకుంది. ఆయిలు ఇంజనూ తిరగలి రాళ్ళూ విడదీయకుండా నాలుగు ఇనుప చక్రాల పొట్టి బండి మీద బిగించి ఉంచింది. సోమవారం పొద్దున ఎడ్లవాళ్ళు వచ్చారు కూడా. నేను మా అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. అప్పుడు మా ఇద్దరు వీరులూ బయటికి వచ్చారు.

"మోటార్లున్న అన్నలం మేము ఇద్దరం గల్లీల ఉండంగ, మా చెల్లె గిర్ని ఎడ్లు గుంజుడేంది" అన్నాడు బాపు. చిన్నాయన జీవితంలో మొదటిసారి అన్న మాటకు తలూపాడు. ఖాలా వద్దు అన్నలూ అంది, మీకెందుకు శ్రమ అంది. వినలేదు. ఎడ్లవాళ్ళను వాళ్ళే సాగనంపారు. ఆ ఎడ్లు గల్లీ మలుపు తిరగకముందే, తాడు ఎవరి మోటారుకు కట్టాలన్న లొల్లి మొదలైంది.

ఆ లొల్లి సోమవారం తేలలేదు. మంగళవారం ఇద్దరూ ఇటుకలు నింపుకుని షాలిబండ ఎత్తు మీదికి పోటీపెట్టుకున్నారు. బాపు మోటారు ఆగకుండా ఎక్కింది గానీ చివర చేరింది. చిన్నాయనది సగం దాకా రివ్వున పోయి, అక్కడ రేడియేటరులో నీళ్ళు మరిగి, పొగలు కక్కుతూ నిలబడింది. చల్లారాక మళ్ళీ రివ్వున ఎక్కి ముందు చేరింది. అయితే ఎవరు గెలిచినట్టు? ఆగకుండా ఎక్కినవాడా, ముందు చేరినవాడా? ఈ ప్రశ్న మీద రాత్రి భోజనాలు చల్లారిపోయాయి. అవి యుద్ధం రోజులు, పెట్రోలు చీటీల మీద కొలిచి పోసేవాళ్ళు. ఆ కొలిచి పోసినదాన్ని వీళ్ళు ఇటుకలు ఊరేగించడానికి తగలేశారు.

బుధవారం చేసిన పని తలుచుకుంటే ఈ వయసులో కూడా నా చేతులు పిసుక్కుంటాను. రెండు మోటార్లనూ వెనక భాగాలు ఎదురెదురుగా ఉండేట్టు నిలబెట్టి, మధ్యలో మోకు కట్టి, ఎవరు ఎవరిని ఈడ్చుకుపోతారో చూద్దామన్నారు. గల్లీ గల్లీ అంతా అరుగులెక్కింది. గాజుల దుకాణాల వాళ్ళు బేరాలు వదిలేసి వచ్చారు. రెండు ఇంజన్లూ అరిచాయి, చక్రాలు బురద చిమ్మాయి, ఎవరూ ఇంచు కదల్లేదు. అలా పెట్రోలు తాగుతూ తాగుతూ ఉండగా మోకు పుటుక్కున తెగింది. బాపు మోటారు ముందుకు దూకి మురుగు మోరీలో చక్రం దింపింది. చిన్నాయనది ఎదురు గోడను ముద్దు పెట్టుకుని లాంతర్లు రెండూ పగలగొట్టుకుంది. జనం నవ్వారు. ఖాలా నవ్వలేదు. తన గిర్ని మీద కప్పిన టార్పాలిను అంచులు సర్దుకుంటూ ఆకాశం వంక చూసింది. మబ్బులు కమ్ముకుని ఉన్నాయి.

ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్టు అని మా నాయనమ్మ అంటూ ఉండేది, ఆ రోజు ఆ మాట కళ్ళారా చూశాను. ఖాలా సాయంత్రం ఎడ్లవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. వాళ్ళు వేరే బేరం ఒప్పుకున్నారు, పైగా వాన పడితే ఆ ఎత్తు మీద ఎడ్లకు కాళ్ళు నిలవవన్నారు. తిరిగి వచ్చి మా ఇంటి ముందు నుంచే తన ఇంట్లోకి పోయింది. మా వైపు చూడను కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది. లోపల మా వాళ్ళిద్దరూ మోకు ఎవరివైపు తెగిందన్న దాని మీద వాదించుకుంటున్నారు.

గురువారం పొద్దున ఖాలా మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది. చంకలో రెండు చెక్క ముక్కలున్నాయి, ఒకవైపు ఏటవాలుగా చెక్కిన మొద్దు చెక్కలు. బరువు బండ్లు ఎత్తు ఎక్కేటప్పుడు వెనక ఒక మనిషి ఇలాంటి అడ్డుచెక్క పట్టుకుని నడుస్తాడు. ఎడ్లు ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే చక్రం కింద చెక్క దోపుతాడు, బండి వెనక్కి జారదు. ఇది పాతబస్తీలో పిల్లలకు కూడా తెలుసు. కానీ మోటారు వాళ్ళు ఆ చెక్కను ముట్టేవాళ్ళు కారు. మోటారు వెనక అడ్డుచెక్క పట్టుకుని నడవడమంటే తన ఇంజను ఎడ్లతో సమానమని ఊరంతా చాటుకున్నట్టు. మా వాళ్ళకైతే అది ప్రాణం పోయేంత అవమానం.

ఖాలా తిట్టలేదు, ఏడవలేదు. నాయనమ్మ ఇచ్చిన చాయ్ తాగి, కప్పు పక్కన పెట్టి, అన్నదమ్ములిద్దరినీ పిలిచింది. "అన్నలూ, ఇగ మిగిలిన పెట్రోలు ఒక్క మోటారుకే సరిపోతది. ఎవరిది గట్టిదో మీరే చెప్పుండ్రి, నేను కాదనను" అంది. ఇద్దరూ ఒక్కసారే నోరు తెరిచారు. ఆమె చెయ్యెత్తి ఆపింది. "ఒక్క మాట వినుండ్రి. ఎత్తు మీద బండిని ఆపేతందుకు వెనక గట్టి మనిషి కావాలె. ఎవరి మోటారు గట్టిదో ఆ అన్న తన బండి ఇంటికాడ ఉంచి, చెక్క పట్టుకొని నా ఎంబడి నడవాలె. రెండో అన్న ముందల కూసొని స్టీరింగు పట్టుకుంటే చాలు."

తెరిచిన నోళ్ళు రెండూ అలాగే ఉండిపోయాయి. పంపు కింద బిందె నిండుతున్న చప్పుడు కూడా వినిపించింది. ఖాలా చీర అంచుకు అంటిన పిండి దులుపుకుంటూ తాపీగా కూర్చుంది.

మా బాపు గొంతు సవరించుకున్నాడు. చార్మినార్ ముందు నుంచి చెక్క మోసుకుంటూ నడవడం ఆయన కళ్ళ ముందు కనపడి ఉంటుంది. నేల వంక చూస్తూ, "నిజం చెప్పాల్నంటే తమ్ముని మోటారే గట్టిది. ఎనిమిది సిలిండర్లు ఊరికెనే పెట్టిన్రా" అన్నాడు.

ఇప్పుడు చిన్నాయన, కాదు కాదు నీదే గట్టిదని ఎదురు తిరుగుతాడని అందరం అనుకున్నాం. తిరగలేదు. ఆయన ముఖం ఎలాగో అయిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన చేసినది ఏదీ అన్నకు ఆనలేదు. ఆయన కొన్న ఎద్దు కుంటిది, ఆయన తెచ్చిన బియ్యం ముక్కవి, ఆయన కట్టిన ముడి వదులు. ఆ మోటారు కూడా అన్నతో ఒక్క మంచి మాట అనిపించుకోవడానికే కొన్నాడని ఆ క్షణంలో నాకు, అంత చిన్నపిల్లకు కూడా, అర్థమైంది.

"అన్నా, జర గట్టిగ చెప్పు. గల్లీల ఇననీ" అన్నాడు చిన్నాయన.

బాపు ఇరుక్కుపోయాడు. అరుగు దిగి వీధిలో నిలబడి, మా తమ్ముని మోటారే గట్టిదని ఇంకోసారి అనాల్సి వచ్చింది. ఎదురింటి వాళ్ళు తలుపు తెరిచి చూశారు. చిన్నాయన కళ్ళు తుడుచుకుని, ఖాలా పక్కనున్న చెక్కల్లో ఒకటి తీసి చంకన పెట్టుకున్నాడు. బాపు అవమానం తప్పించుకున్నానని సంతోషించాడు. చిన్నాయన గెలిచానని సంతోషించాడు. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఖాలా వెంట పరుగెత్తి, నిజంగా ఎవరి మోటారు గట్టిదని అడిగాను. "నాకేమెరుక బేటీ. ఇంజన్ల సంగతి నాకు రాదు. అన్నదమ్ముల సంగతి వస్తది" అంది.

శుక్రవారం తెల్లవారి సన్నగా వాన మొదలైంది. బాపు మోటారు తొట్టిలో ఇసుక సంచులు వేశారు, వెనక చక్రాలకు నేల పట్టు దొరకాలని. ఆ సంచుల మీద వెనక్కి తిరిగి నన్ను కూర్చోబెట్టారు. ముందున్న బాపుకు వెనక ఏమవుతోందో కనపడదు, ఇంజన్ హోరులో మాట వినపడదు. ఎవరిని కూర్చోబెడదామా అనుకుంటుంటే, దీని గొంతు చాలదా అన్నాడు బాపు. అలా ఆడపిల్లకు ఉండకూడని గొంతుకు ఒక ఉద్యోగం దొరికింది. కొత్త మోకు కట్టారు. గిర్ని కదిలింది. ఖాలా ఎడమ చక్రం వెనక, చిన్నాయన కుడి చక్రం వెనక నడిచారు.

బజారులో జనం ఆగి చూశారు. చిన్నాయన స్నేహితులు కొందరు, ఏందన్నా ఎడ్లబండి కొన్నవా అని ఎగతాళి చేశారు. మా చిన్నాయన తల ఎత్తి, మా అన్న ఏమన్నడో గల్లీలకు పోయి అడుగుండ్రి అన్నాడు. వాళ్ళకేం అర్థమవుతుంది. షాలిబండ దాకా ఇబ్బంది లేకుండా నడిచాం. ఫలక్‌నుమా ఎత్తు మొదలయ్యేసరికి వాన పెరిగింది. ఎర్రమట్టి నీళ్ళు రోడ్డు మీదుగా కిందికి పారుతున్నాయి.

బాపు మోటారు మొదటి గేరులో గొణుగుతూ ఎక్కింది. మధ్యమధ్య వేడెక్కి ఆగేది. నేను, ఆగింది అని అరిచేదాన్ని. ఇద్దరూ చెక్కలు దోపేవాళ్ళు, దోపారని నేను బాపుకు అరిచి చెప్పేదాన్ని. బాపు తడి గోనె తెచ్చి రేడియేటరు మీద వేసేవాడు. మళ్ళీ కదిలేది. అంతా బాగానే ఉందనుకున్నాను.

సగం పైన మలుపు దగ్గర ఇంజన్ ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. నేను అరిచాను. చిన్నాయన చెక్క పెట్టాడు గానీ అక్కడ నేల నున్నటి బండ. తడి బండ మీద చెక్క సబ్బులా జారింది. బండి వెనక్కి వస్తోంది. మోకు బిగుసుకుని మా మోటారును కూడా వెనక్కి లాగుతోంది. నా కింద ఇసుక సంచులు కదిలాయి. ఖాలా తన చెక్క పెట్టి, అది కూడా జారుతుంటే, రోడ్డు మీదే కూలబడి రెండు మడమలూ రాతి సందులో తన్నిపెట్టి, రెండు అరచేతులతో చెక్కను నొక్కిపట్టింది. చక్రం చెక్క ఎక్కబోయి, ఎక్కలేక, నిలబడింది. చిన్నాయన పక్కనున్న రాయి ఒకటి పెకలించి తెచ్చి కుడి చక్రం కింద వేశాడు. బండి ఆగింది.

నేను భయంతో తల తిప్పి పైకి చూశాను. రోడ్డు ఇంకా ఇంకా పోతూనే ఉంది. వానలో ఆ చివర కనపడనే లేదు. ఇంత ఎక్కాక ఇంకా ఇంత ఉందా అనిపించింది. "ఖాలా, ఇంకా మస్తు దూరమున్నది" అని ఏడ్చాను.

ఆమె చెక్క మీద నుంచి చూపు తిప్పలేదు. "పైకి చూడకు బేటీ. పైకి చూస్తే కాళ్ళు వణుకుతయ్. ఎక్కింది జారకుంట చూసుకుంటే చాలు. నువ్వు చక్రాన్ని చూడు" అంది. ఆ మాట ఆమె అరవలేదు, పిండి తూచి ఇస్తూ చెప్పినట్టు చెప్పింది. నేను ఏడుపు ఆపి చక్రాన్ని చూశాను. చక్రం కదల్లేదు. దాన్నే చూస్తూ ఉంటే నా భయం తగ్గింది. ఆ తర్వాత బాపు ఎన్నిసార్లు ఆపాడో, ఎంతసేపు ఎక్కామో నాకు తెలియదు. ఎందుకంటే నేను చక్రాన్ని తప్ప దేన్నీ చూడలేదు. ఉన్నట్టుండి బండి మట్టంగా నడుస్తోంది. తిరిగి చూస్తే కొట్టు ముందున్నాం. ఆ పెద్దమనిషి తెల్లటి షేర్వాణీ వేసుకుని నమాజుకు బయలుదేరుతూ గిర్నిని చూసి నిలబడిపోయాడు. లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చి ఖాలా చేతిలో పెట్టబోయాడు.

అప్పుడు చూశాం ఆమె చేతులు. అరచేతుల తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. ఆమె తాళంచెవి కొంగులో వేయించుకుంది. మా బాపు అప్పటిదాకా బానెట్ మీద చెయ్యి వేసి, చూసిన్రా నా ఇంజను అని ఎవరితోనో అంటున్నాడు. ఆ చేతులు చూసి మాట మధ్యలో ఆపేశాడు. చిన్నాయన తన తలగుడ్డ చింపి ఆమె చేతులకు కట్టు కట్టాడు. ఇద్దరూ వాదించుకోకుండా కలిసి గిర్నిని కొట్టులోకి తోశారు. నేను అది మంచి మార్పనుకుని సంతోషించాను. ఇంటికి తిరిగి వస్తుంటే, ఎనిమిది సిలిండర్లదైతే ఆ మలుపు దగ్గర ఆగేది కాదన్నాడు చిన్నాయన. అసలు ఆ మలుపు దాకా వచ్చేదే కాదన్నాడు బాపు. ఇద్దరూ బతికి ఉన్నంతకాలం ఆ మలుపు దగ్గరే ఉన్నారు, నా తలరాత.

ఇంజన్ల సంగతి నేను ఆ రోజే మరిచిపోయాను. ఖాలా మాట మాత్రం నాతో వచ్చింది. పెళ్ళయి, పిల్లలు చిన్నగా ఉండగా, మా ఆయన మంచాన పడ్డాడు. చూడవచ్చిన వాళ్ళందరూ ఇంకా ఎంత కాలం పడుతుందో, ఇంకా ఎంత కష్టం ఉందో చెప్పి పోయేవాళ్ళు. వాళ్ళు నా మేలు కోరే చెప్పేవాళ్ళు, నాకేమో వాళ్ళ నోళ్ళు మూయించాలనిపించేది. నేను పైకి చూసేదాన్ని కాదు. ఈ రోజు లేచి కూర్చున్నాడా, రేపు ఆ కూర్చోవడం పోకుండా చూసుకోవాలి. ఒక రొట్టె తిన్నాడా, రేపు కూడా ఆ రొట్టె తినిపించాలి. ఇళ్ళలో అప్పడాలు వత్తాను, మిరపకాయలు దంచాను, పిల్లల బడి మాన్పించలేదు. అలా ఎంత ఎక్కానో నాకే తెలియదు. ఒకరోజు ఆయన గోడ పట్టుకోకుండా గుమ్మం దాకా నడిచి వచ్చాడు.

ఆ మర్నాడు నేను ఫలక్‌నుమా వెళ్ళాను. ఖాలా ముసలిదైపోయింది, చూపు సరిగా ఆనడం లేదు. గిర్ని కొడుకు నడుపుతున్నాడు. నేనెవరో చెబితే, చెప్పాలా, గొంతు వింటే తెలియదా అని నవ్వి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆయన నడిచాడని చెప్పాను. చెప్పి, ఇన్నాళ్ళూ రాని ఏడుపంతా ఆమె ఒళ్ళో ఏడ్చాను. ఆమె నా చేతులు రెండూ తీసుకుని, అరచేతులు వేళ్ళతో మెల్లగా తడిమి చూసింది. రోలు దగ్గర కాసిన కాయలు ఒక్కొక్కటే తగిలి ఉంటాయి.

"జారనియ్యలే బేటీ నువ్వు" అంది.

నన్ను చాలామంది మెచ్చుకున్నారు, తిట్టారు కూడా. అవన్నీ ఎటో పోయాయి. ఈ ఒక్క మాట మాత్రం ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది.